ఎరువుల షాపుల సాఫ్ట్‌వేర్ గిట్టుబాటవుతుందా? నేను చూసిన ఒక కేసు

2025 జూలై ఆఖరి వారంలో నర్సంపేట వైపు రైస్ మిల్లు నడుపుకునే ఒకాయన హన్మకొండలో నా ఆఫీసుకు వచ్చి, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే, "సార్, మా అక్క కొడుకు పాతిక లక్షలు అడుగుతుండు, ఇయ్యాల్నా వద్దా మీరే చెప్పాలె" అన్నాడు. అక్క కొడుకూ అతని ఇంజనీరింగ్ దోస్తూ కలిసి విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు అమ్మే షాపుల కోసం ఒక క్లౌడ్ సాఫ్ట్‌వేర్, అంటే లెక్కలన్నీ షాపులో కాకుండా ఇంటర్నెట్‌లో ఉండే సర్వర్లో దాచేది, తయారు చేశారు. బిల్లింగ్, స్టాకు, రైతుల ఖాతా, జీఎస్టీ అన్నీ ఫోన్లోనే. అప్పటికే సొంత డబ్బు, దోస్తుల డబ్బు కలిపి 14 లక్షలు ఖర్చయ్యాయి. నేను జీఎస్టీకి ముందున్న వ్యాట్ పన్ను కాలం నుంచి ఇక్కడి చిన్న వ్యాపారుల లెక్కలు, రిటర్నులు చూసేవాణ్ణి, నా క్లయింట్లలో ఎరువుల షాపులు కూడా ఉన్నాయి, అందుకే నా దగ్గరికి వచ్చాడు. ఫీజు 20 వేలు, ఇచ్చింది మేనమామ. ఎవరి డబ్బు తీసుకుని రాసిందో తెలియకుండా ఏ రిపోర్టూ చదవొద్దని నేను అందరికీ చెప్తుంటా కాబట్టి నా సంగతి ముందే చెప్తున్నా.

పిల్లలిద్దరూ మర్నాడు ల్యాప్‌టాప్‌తో వచ్చారు. తెలివైనవాళ్లే, అబద్ధాలు చెప్పే రకం కాదు. పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట, హుజూరాబాద్ వైపు 64 షాపులు తమ సాఫ్ట్‌వేర్‌లో చేరాయని, జీఎస్టీ వల్ల ప్రతి షాపూ ఇవాళ కాకపోతే రేపు కంప్యూటర్ బిల్లింగ్‌కు రాక తప్పదని, సర్వర్ కూడా అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లోనే, అంటే ఆ కంపెనీ అద్దెకిచ్చే అక్కడి సర్వర్లలోనే పెట్టామని గర్వంగా చూపించారు. ఆ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది, మంచిదే, కానీ పరకాల షాపాయనకు సర్వర్ హైదరాబాద్‌లో ఉందా సింగపూర్‌లో ఉందా అన్నది అవసరం లేని ముచ్చట. ఆయన అడిగేది వేరే, దాని దగ్గరికి తర్వాత వస్తా.

జీఎస్టీ మాట మాత్రం అక్కడికక్కడే తేల్చాల్సి వచ్చింది, ఎందుకంటే వాళ్ల లెక్కంతా దాని మీదే నిలబడింది. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలే కాబట్టి ఈ షాపుల్లో ఎక్కువ శాతం జీఎస్టీలో ఉన్న మాట నిజం. కానీ కంప్యూటర్ లేకపోతే పని జరగని ఈ-ఇన్వాయిస్ రూలు, అంటే బిల్లును సర్కారు పోర్టల్‌లో నమోదు చేయించాలన్నది, 2023 ఆగస్టు 1 నుంచి, ఏడాదికి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లు ఇంకో వ్యాపారికి అమ్మినప్పుడే వర్తిస్తుంది. మన షాపాయన అమ్మేది రైతుకు. రైతుకు జీఎస్టీ నంబరుండదు. నెలాఖరుకు అమ్మకాల మొత్తం నా లాంటి వాడి చేతిలో పెడితే రిటర్న్ పడిపోతుంది, దానికి షాపులో యాప్ అక్కర్లేదు. అంటే చట్టం ఈ షాపాయన మెడ మీద కూర్చోలేదు. ఈ ఒక్క మాట చెప్పేసరికి పిల్లల ముఖాలు చిన్నబోయాయి, కానీ వాదించలేదు, రాసుకున్నారు. అప్పుడే వాళ్ల మీద కొంచెం నమ్మకం కుదిరింది.

నేను మూడు కాగితాలు అడిగాను. ఎంతమంది చేరారన్నది కాకుండా ఏ షాపు ఏ రోజు ఎన్ని బిల్లులు కొట్టిందన్న లిస్టు, బ్యాంకు స్టేట్‌మెంట్, సపోర్ట్ ఫోన్‌కు వచ్చిన కాల్స్ లిస్టు. కొత్త సాఫ్ట్‌వేర్ బతుకుతుందా లేదా అని ఎవరు అడిగినా నేను మొదట చూసేవి ఇవే, స్లైడ్లు ఆఖరుకు చూస్తా. లిస్టులో తేలింది ఏంటంటే, 64 షాపుల్లో మే నెలలో రోజూ బిల్లు కొట్టినవి 31. ఆగస్టు మొదటి పదిహేను రోజుల్లో 9. సీజన్ ముదిరే కొద్దీ వాడకం పెరగాలి కదా, ఇక్కడ పడిపోయింది. పిల్లలు దానికి "సీజన్‌లో బిజీగా ఉంటారు సార్, తర్వాత మళ్లీ వస్తారు" అన్నారు. సంవత్సరంలో ఎరువుల షాపుకు నిజంగా పని ఉండే రోజులే వానాకాలంలో రెండు నెలలు, యాసంగిలో నెలన్నర. ఆ రోజుల్లో పనికిరానిది మిగతా రోజుల్లో ఎవరికి కావాలి?

కారణం కాగితాల్లో దొరకదు కాబట్టి ఆగస్టులో ఒక రోజు పొద్దున 8 గంటలకే పోయి ఒక షాపులో కౌంటర్ వెనక స్టూలు వేసుకుని కూర్చున్నా. 2025 వానాకాలంలో యూరియా కోసం మన దగ్గర ఎట్లాంటి క్యూలు కట్టారో అందరం చూశాం, చెప్పులూ ఆధార్ కాగితాలూ లైన్లో పెట్టి చెట్టు కింద కూర్చున్న రోజులవి. షాపులో కుర్రాడు ఒక్కడే. సబ్సిడీ ఎరువు అమ్మాలంటే 2018 నుంచి ఈ-పాస్ మిషన్‌లో ఆధార్ వేలిముద్రతో ఎంట్రీ పడాల్సిందే, అది సర్కారు మిషన్, దానికీ మన పిల్లల సాఫ్ట్‌వేర్‌కూ సంబంధం లేదు. అంటే 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు అమ్మడానికి అదే కుర్రాడు ఒకసారి మిషన్‌లో, ఇంకోసారి ఫోన్‌లో కొట్టాలి. ముసలాయన వేలిముద్ర పడక నాలుగుసార్లు రుద్దిస్తున్నారు, వెనక నుంచి తోపులాట. నేను గడియారం పెట్టి చూశా: సాఫ్ట్‌వేర్‌లో ఒక బిల్లుకు సగటున నిమిషం నలభై సెకన్లు, చేతి బిల్లుకు పాతిక సెకన్లు. పదకొండు దాటకముందే కుర్రాడు ఫోన్ పక్కన పడేసి, "రాత్రికి ఎక్కిస్తా సార్" అని నా వైపు చూసి నవ్వాడు. రాత్రికి ఎక్కించలేదు, లిస్టులో చూసుకున్నా. మర్నాడు స్టాకు తప్పు, మూడో రోజు ఇంకా తప్పు, నాలుగో రోజు నుంచి ఆ షాపు పేరే లిస్టులో లేదు. సపోర్ట్ కాల్స్‌లో సగానికి పైగా "స్టాకు కలుస్తలేదు" అన్నవే, వాటికి ఇక్కడే జవాబు దొరికింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదు, లెక్క ఎక్కలేదు, అంతే.

ఇప్పుడు డబ్బు లెక్క. చందా నెలకు 499, పైన 18 శాతం జీఎస్టీ. ఆ నెల డబ్బు కట్టింది 23 షాపులు, అంటే 11,477 రూపాయలు. ఖర్చు: సపోర్ట్‌కు పెట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ల జీతం చెరి 15 వేలు, సర్వర్ 9 వేలు, నక్కలగుట్టలో గది కిరాయి 8 వేలు. ఓనర్లిద్దరి జీతం పుస్తకంలో సున్నా. ఈ సున్నా దగ్గరే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. ఇంట్లో అన్నం తిని పని చేస్తే అది ఉచితం కాదు, అమ్మానాన్న పెట్టిన పెట్టుబడి. నేను చెరి 30 వేలు వేశా. మొత్తం నెలకు 1,07,000. ఒక్కో షాపుకు మెసేజీలు, పేమెంట్ ఖర్చులు ఓ 60 రూపాయలు పోతే మిగిలేది 439, కాబట్టి ఖర్చులు వెళ్లాలంటే 244 షాపులు నెలనెలా కట్టాలి. వినడానికి మరీ పెద్ద నంబరేం కాదు. పాత వరంగల్ జిల్లా మొత్తం తిరిగితే అన్ని షాపులు దొరకవా అంటే దొరుకుతాయి.

అసలు దెబ్బ వేరే చోట ఉంది. ఒక కొత్త షాపును చేర్చాలంటే ఏమేం కావాలో రాయించా. షాపులో మూడు నాలుగు వందల రకాల సరుకుంటుంది, పురుగు మందులకు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ కూడా ఎక్కించాలి, దానికి ఒక కుర్రాడు రెండు రోజులు కూర్చోవాలి, 1,400. మూడుసార్లు పోయి రావడానికి పెట్రోలు, టిఫిన్లు 900. షాపును పరిచయం చేసినవాడికి కమీషన్ 1,500. మొత్తం 3,800. నెలకు 439 చొప్పున అది తిరిగి రావడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది, బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రకారం ఒక షాపు సగటున డబ్బు కట్టింది అయిదు నెలలు. అంటే వచ్చేది 2,195, పోయేది 3,800. కొత్త షాపు చేరిన ప్రతిసారీ ఆఫీసులో స్వీట్లు పంచుకుంటూ 1,605 రూపాయలు పోగొట్టుకుంటున్నారన్నమాట. మేనమామ పాతిక లక్షలు ఇస్తే ఈ నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది, అంతకుమించి ఏమీ కాదు. సర్వర్ ఖర్చు గురించి పిల్లలు రాత్రుళ్లు మేలుకుని తగ్గించే ప్రయత్నం చేస్తున్నారు, నా లెక్కలో అది అసలు సమస్యే కాదు.

అయిదు నెలలకే ఎందుకు ఆగిపోతున్నారని స్టేట్‌మెంట్‌లో తేదీలు చూస్తే ఇంకొకటి కనబడింది. యూపీఐ ఆటోపే పెట్టారు, ఓటీపీ లేకుండా ప్రతినెలా కట్ అయిపోతుంది, ఇబ్బంది లేదనుకున్నారు. కానీ ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఎరువుల షాపాయన ఖాతాలో డబ్బుండదు. అంతా ఉద్దెరలో ఉంటుంది. పత్తి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కో జమ్మికుంటకో చేరి, రైతు చేతికి డబ్బొచ్చి, అది షాపుకు తిరిగొచ్చేసరికి నవంబర్, డిసెంబర్. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఆటోపే ఫెయిల్ అయిన షాపులు మళ్లీ చేరలేదు. నెల జీతగాళ్లకు నెల చందా సరిపోతుంది. పంట మీద బతికే వ్యాపారానికి ఏడాదికోసారి, అదీ చేతిలో డబ్బున్నప్పుడు అడగాలి. ఈ సంగతి అక్క కొడుక్కు తెలియక కాదు, వాళ్ల నాన్నదీ ఎరువుల షాపే, ఇంట్లో చూస్తూ పెరిగినవాడే. బెంగళూరు కంపెనీల ధరల పేజీలు చూసి 499 అని పెట్టేశాడు.

ఇక ఖాతా. పిల్లల దృష్టిలో తమ సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం అదే: ఏ రైతు ఎంత బాకీ, ఎప్పుడు కడతాడు, ఒక్క బటన్ నొక్కితే గుర్తు చేస్తూ మెసేజ్ పోతుంది. లిస్టు తీస్తే 64 షాపుల్లో ఖాతా నిజంగా ఎక్కించినవి 4. మిగతావాళ్లు నగదు అమ్మకాలు మాత్రమే కొట్టారు. ఒక పెద్దాయనను అడిగితే గల్లా పెట్టె కింద నుంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి చూపించి, "ఇది ఫోన్ల పెట్టే లెక్కనా సార్, మీకు తెల్వదా" అన్నాడు. నాకు తెలుసు. ఉద్దెర ధర వేరు, నగదు ధర వేరు, పైన నూటికి రెండు రూపాయల మిత్తి, కొన్ని చోట్ల పంట మా దగ్గరే అమ్మాలన్న నోటి మాట, ఇవన్నీ ఆ పుస్తకంలో వాళ్ల గుర్తులతో ఉంటాయి, వాటిని ఇంకొకరి సర్వర్లో పెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు. ఇది మంచో చెడో నా పని కాదు, కానీ వ్యాపారం అంచనా వేసేవాడు ఇది లేనట్టు నటించకూడదు. ఖాతా ఎక్కించిన ఆ నాలుగు షాపుల్లో ఒకదానిలో ఏమైందంటే, బాకీ మెసేజ్ రైతుకు కాకుండా హైదరాబాద్‌లో ఉండే అతని కొడుక్కు పోయింది, పుస్తకంలో ఉన్న నంబరు కొడుకుది. అప్పటిదాకా కొడుక్కు అప్పు సంగతే తెలియదు. రైతు మర్నాడు షాపు ముందుకొచ్చి, "నా ఇజ్జత్ తీస్తవా సేటూ" అని ఊరందరి ముందు లొల్లి చేశాడు. షాపాయన ఆ సాయంత్రమే యాప్ తీసేశాడు. పోయింది ఒక కస్టమరే, ఆ బజారులో మిగతా మూడు షాపులకు కూడా ఈ కథ చేరిపోయింది.

ఇంతవరకు చూస్తే ఒక పేజీ రిపోర్టు చాలు, "వద్దు" అని. కానీ ఆగస్టులో కూడా రోజూ బిల్లులు కొట్టిన ఆ 9 పేర్లలో ఒకటి నన్ను ఆపింది. మిగతా షాపులకంటే మూడు రెట్ల వాడకం, ఆదివారం కూడా. ఎవరని చూస్తే అది రిటైల్ షాపు కాదు, వరంగల్ బజారులో పురుగు మందుల డిస్ట్రిబ్యూటర్, పల్లెల్లో డెబ్బై దాకా చిన్న షాపులకు సరుకు వేసేవాడు. పొరపాటున చేరాడు, 499 కట్టి వాడుకుంటున్నాడు. పోయి కూర్చుంటే ఆయన కథే వేరు. గుమస్తా ఉన్నాడు, ఎంట్రీ కొట్టడానికి మనిషికి కొదవ లేదు. అమ్మేది వ్యాపారులకు, టర్నోవర్ 5 కోట్లు దాటింది, ఈ-ఇన్వాయిస్ తప్పదు. ఆయన భయం ఎక్స్‌పైరీ: తేదీ దగ్గరపడిన మందును కంపెనీకి టైముకు వాపస్ పంపకపోతే మొత్తం తన నెత్తినే పడుతుంది. ఇంకో భయం, సేల్స్ పిల్లలు పల్లెల్లో వసూలు చేసిన డబ్బు రెండు మూడు రోజులు వాళ్ల జేబులోనే తిరగడం. "తమ్మీ, ఐదొందలు కాదు, ఏడాదికి పాతిక వేలడుగు, కానీ మా పిలగాడు ములుగుల వసూలు చేసిన పైసలు ఆ నిమిషం నా ఫోన్ల కనబడాలె" అని పిల్లలకు మార్చిలోనే చెప్పాడట. వాళ్లు ఆ మాటను "ఫీచర్ రిక్వెస్టులు" అన్న లిస్టులో 37వ నంబరుగా రాసి పెట్టుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అయితే ఒక్క మనిషి మాట మీద వ్యాపారం కట్టలేం. బాగుంది అని చెప్పడానికి మనవాళ్లకు ఖర్చేమీ లేదు, చాయ్ తాగించి మరీ చెప్తారు. కాబట్టి ఒక పేజీలో ఏం చేస్తుందో, ఏడాదికి 24 వేలు అని రాయించి, పిల్లలను వెంటబెట్టుకుని వరంగల్, హన్మకొండ, జమ్మికుంట, కరీంనగర్‌లలో 14 మంది డిస్ట్రిబ్యూటర్ల దగ్గరికి పోయా. చివర్లో ఒకటే ప్రశ్న: ఇప్పుడే 5 వేల అడ్వాన్స్ చెక్కు ఇస్తారా, రెండు నెలల్లో తయారు కాకపోతే వాపస్. 11 మంది చాలా మెచ్చుకున్నారు. చెక్కు రాసింది ముగ్గురు. అందులో ఇద్దరు నా క్లయింట్లు, నా మొహమాటానికి ఇచ్చారేమో అన్న అనుమానంతో రిపోర్టులో ఆ ఇద్దరినీ సగం సగం లెక్కేశా. సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు, సూక్ష్మపోషకాలు, బయో మందులు 12 నుంచి 5 శాతానికి వచ్చి, రసాయన పురుగు మందులు 18లోనే ఉండిపోయాయి, ఏ సరుకు దేంట్లో పడుతుందోనని బజారంతా రెండు రోజులు గందరగోళం. పిల్లలు రాత్రికి రాత్రి సర్వర్లో మార్చేశారు, పొద్దున గుమస్తాలు షట్టర్ తీసేసరికి అందరి బిల్లుల్లో కొత్త రేట్లు. క్లౌడ్ అంటే ఏంటో ఆ రోజు బజారుకు అర్థమైంది, ఇంకో చెక్కు తనంతట తనే వచ్చింది.

ఇక్కడే అందరూ అడిగిన ప్రశ్న, ముందు చెప్తానన్నది: "రేపు మీరు దుకాణం మూసేస్తే నా లెక్కలు ఏమైతయి?" జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు దాచాలి. రెండేళ్ల కంపెనీని నమ్మి ఆరేళ్ల రికార్డు ఎవరు పెడతారు? ప్రతినెల ఒకటో తారీఖున మొత్తం డేటా ఎక్సెల్ ఫైలుగా కస్టమర్ మెయిల్‌కు దానంతట అదే పోయేట్టు పెట్టించా. పిల్లలు మొదట ఒప్పుకోలేదు, అట్లా ఇస్తే వదిలేసి పోవడం సులువవుతుంది కదా అని. పోవడానికి దారుంటేనే లోపలికి వస్తారని చెప్పా.

దసరా తర్వాత రిపోర్టు ఇచ్చా. అందులో లెక్క ఇది. ఆ నాలుగు ఊళ్లలో డిస్ట్రిబ్యూటర్లు, కంపెనీ సేల్స్ వాళ్లతో కూర్చుని పేరు పేరునా లెక్కపెడితే 110 దాకా వచ్చారు. ఒక్కొక్కరి మీద ఏడాదికి ఖర్చులు పోను 21 వేలు మిగులుతుందనుకుంటే, ఇప్పుడున్న ఖర్చుకు, ఏడాదికి 12 లక్షల 84 వేలు, 62 మంది కావాలి, అంటే సగానికి పైగా బజారు. అది జరిగే పని కాదు. కానీ నక్కలగుట్ట గది వదిలేసి, సపోర్ట్‌కు ఒక్కణ్ణి ఉంచి, సర్వర్ 7 వేలకు తగ్గించి, ఓనర్లలో ఒక్కరే జీతం తీసుకుంటే నెలకు 52 వేలు, అప్పుడు 30 మంది చాలు. ఇది సాధ్యమే. ఒక మనిషి గౌరవంగా బతికే వ్యాపారం అవుతుంది, పాతిక లక్షలు పెట్టి కోట్లు చేసే వ్యాపారం కాదు. కాబట్టి మేనమామకు నేను రాసింది: పాతిక లక్షలు వద్దు, 6 లక్షలు ఇవ్వండి, అదీ రెండు విడతల్లో, మొదటి 3 లక్షలు ఇప్పుడు, రెండో 3 లక్షలు పూర్తి ఏడాది డబ్బు కట్టిన డిస్ట్రిబ్యూటర్లు 20 అయ్యాక. రిటైల్ షాపులను కొత్తగా చేర్చడం ఆపేయండి.

ఈ ఆఖరి సలహాలో నేను తప్పు చేశాను. రిటైల్ షాపులను పూర్తిగా ఆపించడంతో, డిస్ట్రిబ్యూటర్ పంపిన బిల్లు, తన బాకీ చూసుకోవడానికి చిన్న షాపుల వాళ్లకు ఏ దారీ లేకుండా పోయింది, వాళ్లు మళ్లీ డిస్ట్రిబ్యూటర్‌కే ఫోన్లు చేయడం మొదలుపెట్టారు, ఆయన విసుక్కున్నాడు. అక్క కొడుకే నవంబర్‌లో నాకు చెప్పకుండా చిన్న షాపులకు ఉచితంగా చూసుకునే పేజీ ఒకటి పెట్టేశాడు, ఎంట్రీ కొట్టే పని లేదు, చూడటమే. మంచి పని చేశాడు. ఇంకొకటి కూడా నేను ముందుగా పట్టలేదు: డిస్ట్రిబ్యూటర్ దగ్గర గుమస్తా పదిహేనేళ్లుగా ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నాడు, కొత్తది వస్తే తన పని రెండింతలు అవుతుందని అడ్డం పడతాడు. ఒప్పుకోవాల్సింది సేటు అనుకున్నాం, నిజానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. ట్యాలీలోకి బిల్లులు వాటంతట అవే పోయే ఏర్పాటు చేయడానికి ఇంకో నెల పట్టింది.

దోస్తు డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఉద్యోగానికి పోయాడు, గొడవలేమీ లేవు, ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, వ్యాపారం అంటే పిల్లనివ్వడం లేదట. సంక్రాంతి నాటికి పూర్తి ఏడాది డబ్బు కట్టిన డిస్ట్రిబ్యూటర్లు 17. మేనమామ ప్రతి వారం ఫోన్ చేసి "ఇరవై అయినయా సార్" అని అడుగుతాడు, తను రాసిచ్చిన రెండో 3 లక్షల చెక్కు నా టేబుల్ సొరుగులోనే ఉంది, తేదీ వేయలేదు.